‘కరగాట్టక్కారన్’: తలమీద కరగం, వీధిలో ప్రేమ

శ్రోతలకు నమస్కారం. తమిళంలో పల్లెటూరి ప్రేమ, హాస్యం కలగలిసిన సినిమాల మాట వస్తే నేను ముందుగా చెప్పేది ‘కరగాట్టక్కారన్’. 1989 జూన్‌లో వచ్చింది. దర్శకుడు గంగై అమరన్, సంగీతం ఆయన అన్న ఇళయరాజా. రామరాజన్ కథానాయకుడు. కథానాయిక కనకకు ఇదే తొలి చిత్రం. మన ‘దక్షయజ్ఞం’లో సతీదేవిగా నటించిన దేవిక కూతురావిడ. మధురైలో ఈ సినిమా ఏడాది దాటి ఆడింది.

కథ చిన్నదే. కరగాట్టం అంటే తలమీద చెంబు నిలిపి ఆడే ఆట. ఒక ఊరి కరగాట్టం మేళంలో ముత్తయ్య, మరో ఊరి మేళంలో కామాక్షి. జాతరలో ఇద్దరికీ పోటీ పడుతుంది, ఆ పోటీలోంచే ప్రేమ పుడుతుంది, మధ్యలో ఊరి పెద్ద అడ్డుపడతాడు. 1968 నాటి ‘తిల్లానా మోహనాంబాళ్’లో నాదస్వర విద్వాంసుడికీ నాట్యగత్తెకూ నడిచిన పంతాన్నే ఇక్కడ వీధి ఆటలోకి దించారు.

ఈ సినిమా రుచి తెలియాలంటే కరగం సంగతి కొంత తెలియాలి. కరగం అంటే అలంకరించిన చెంబు. అమ్మవారి పేర పూజతో ఎత్తేది శక్తి కరగం, వేడుక కోసం ఆడేది ఆట్ట కరగం. మన గోదావరి జిల్లాల జాతర్లలో గరగలెత్తి ఆడటం చూసినవారికి ఇదేమీ కొత్తగా ఉండదు. ఆట్ట కరగంలో బరువు కోసం బియ్యం పోస్తారు. పైన పూల అలంకారం, కొసన చిలక. బియ్యం వెలితిగా ఉంటే లోపల అటూ ఇటూ జరిగి, ఆడేవాళ్లు తిరిగినప్పుడు చెంబు ఒక పక్కకు లాగేస్తుంది. అలంకారం మరీ ఎత్తయితే బరువు పైకి చేరి చిన్న కుదుపుకే ఒరుగుతుంది. కాళ్లు ఎంత వేగంగా ఆడినా మెడ కదలకూడదు, మోకాళ్లే ఆ అదురును మింగాలి. చూపు ఒకచోట నిలవాలి, ప్రేక్షకుల వంక తిప్పారా, తల దాని వెంటే పోతుంది.

వెనక వాయించేది నయ్యాండి మేళం. రెండు నాదస్వరాలు, డోలు వాద్యాలైన రెండు తవిళ్లు, పంబ, తముకు. తవిల్ కొట్టే మనిషి ఆడేవాళ్లను రెచ్చగొడతాడు, మాటకు మాట విసురుతాడు. ఆటకూ ఆటకూ మధ్య ఊపిరి తీసుకోవడానికి దొరికే ఆ నాలుగు నిమిషాలే వీధి హాస్యానికి పుట్టిల్లు. గంగై అమరన్ తెలివి ఇక్కడే కనిపిస్తుంది. హాస్యనటులు గౌండమణి, సెంథిల్ ఈ మేళంలోవాళ్లే. కథతో పొత్తు లేని హాస్యాన్ని పక్కన తగిలించినట్టు ఉండదు. కోవై సరళ కూడా ఉన్నారు.

అరటిపండు సన్నివేశం చూడండి. గౌండమణి రూపాయిచ్చి రెండు పళ్లు తెమ్మంటాడు. సెంథిల్ ఒకటి దారిలో తినేసి ఒకటి చేతిలో పెడతాడు. ‘ఒకటి ఇక్కడుంది, ఇంకొకటేదిరా?’ అంటే, ‘ఆ ఇంకొకటే ఇదన్నా!’ అంటాడు. అంతే సరుకు. ప్రశ్న మారదు, జవాబు మారదు, పెరిగేది గౌండమణి కోపం ఒక్కటే. సెంథిల్ ముఖంలో కొంటెతనం ఒక్క రవ్వ కనిపించినా సన్నివేశం చచ్చిపోయేది. నిజంగా తన లెక్కే సరైందని నమ్మినట్టు నిలబడతాడు, అందుకే పండింది. దీన్ని అనుకరించినవాళ్లు చాలామంది అరుపులు పెంచారే గాని ఈ అమాయకత్వాన్ని పట్టుకోలేకపోయారు. మేళం ప్రయాణించే పాత కారు హాస్యమూ అంతే. ఒకప్పుడు స్వప్న సుందరి అనే ఆవిడ దగ్గరున్న కారు అని గొప్పగా చెబితే, ఆ స్వప్న సుందరి ఇప్పుడెవరి దగ్గరుందని అడగడం, తన్నులు తినడం!

పాటల్లో ‘మాంగుయిలే పూంగుయిలే’ను తప్పక వినాలి. బాలు ఒక్కరే పాడినదొకటి, ఎస్. జానకితో కలిసి పాడినదొకటి. వరస ఒకటే. మొదటిది పిలుపులా ఉంటుంది, రెండోదానికి వచ్చేసరికి ఆ పిలుపుకు జవాబు దొరుకుతుంది. ప్రేమకథ ఎంత దూరం నడిచిందో ఆ రెండు పాటలే చెప్పేస్తాయి.

నాకు లోపంగా తోచేది ఊరి పెద్ద కథ. అతని పన్నాగాలు మొదలైన దగ్గర్నుంచి హాస్యం వెనకబడుతుంది. చివర అమ్మవారి ముందు నిప్పుల మీద నడిచే ఘట్టంలో మాత్రం సినిమా మళ్లీ తన మేళాన్ని అందుకుంటుంది. ముత్తయ్య, కామాక్షి ఇద్దరూ నిప్పుల్లోకి దిగుతారు. పోటీగా మొదలైన జంట అక్కడ ఒకే తాళానికి అడుగు వేస్తుంది.