తిట్టుకు ఒక దారి, స్పామ్‌కు ఒక దారి

శ్రోతలకు నమస్కారం.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటాం. అన్నం కలిపే చెయ్యి ఒకటి, ఫోన్ ఎత్తే చెయ్యి ఒకటి. "సార్, భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర్లో ప్లాట్లు, చూసి రావడానికి కారు మేమే పంపిస్తాం" అంటుంది అవతలి గొంతు. వద్దమ్మా అని పెట్టేస్తే, పెరుగన్నంలోకి వచ్చేసరికి ఇంకో నంబరు నుంచి క్రెడిట్ కార్డు. సాయంత్రం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిస్తే, పొద్దున లిఫ్టు దగ్గర "టిఫినయిందా అండీ" అని పలకరించిన మనిషే అక్కడ "నువ్వెవడివి చెప్పడానికి" అంటుంటాడు.

ఈ రెండింటికీ మనం చేసేది ఒకటే. కోపమొస్తే అరుస్తాం, ఓపికుంటే భరిస్తాం. రెండూ తప్పు మందులే. ప్లాట్ల గురించి ఫోన్ చేసిన అమ్మాయికి మీమీద కక్ష లేదు. ఆవిడ ముందు నంబర్ల జాబితా ఉంది, అందులో మీదొక వరస. గ్రూపులో తిట్టినాయన దగ్గర జాబితా లేదు, ఆయన మాట మీకోసమే బయల్దేరింది. వచ్చింది ఏ రకమో తేల్చుకున్నాకే ఫోన్ మీద వేలు పెట్టాలి.

ముందు స్పామ్ సంగతి, అంటే మనం అడగకుండానే గంపగుత్తగా వచ్చిపడే ప్రచారాలు. 1978 మే నెలలో అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంపెనీలో మార్కెటింగ్ చూసే గ్యారీ థుర్క్, తమ కొత్త కంప్యూటర్లు చూడటానికి రమ్మంటూ ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్ అనే నెట్‌వర్క్‌లో దాదాపు 400 మందికి ఒకేసారి మెయిల్ కొట్టాడు. తొలి స్పామ్‌గా దాన్నే చెబుతారు. 400 మందికి కవర్లు కొని, స్టాంపులు అంటించి పంపాల్సి వస్తే ఎవరికి పనికొస్తుందో ఆలోచించి పంపేవాడు. ఖర్చు లేదు కాబట్టి ఆలోచన కూడా అక్కర్లేకపోయింది. ఈనాటి ఫోన్ల కిటుకూ అదే. వేలమందిలో ఒక్కరు దొరికినా వాళ్లకి గిట్టుబాటే. మిగతావాళ్లు తిడితే వాళ్ల ఖాతాలో పోయేదేం లేదు. పైగా మీరు ఎత్తి రెండు నిమిషాలు కోప్పడితే, ఈ నంబరు పనిచేస్తోందని, ఎత్తే మనిషి ఉన్నాడని వాళ్లకి తెలుస్తుంది. కాబట్టి వాదన వద్దు. పెట్టేసి, ఫిర్యాదు చెయ్యండి.

ఫిర్యాదుకి 1909. ఈ నంబరు ఏ టెలికాం కంపెనీ సిమ్ వాడేవాళ్లకైనా ఒకటే. ముందుగా చెయ్యాల్సింది ప్రచారాలు వద్దని నమోదు చేసుకోవడం, అదే డీఎన్‌డీ. మెసేజిలో ఇంగ్లీషు అక్షరాల్లో స్టార్ట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, సున్నా పెట్టి 1909కి పంపాలి. అన్ని రకాల ప్రచారాలూ వద్దన్నట్టు. బ్యాంకులవి ఉండనిచ్చి రియల్ ఎస్టేట్‌వి మాత్రం ఆపాలనుకుంటే 1909కి ఫోన్ చేసి రకాలవారీగా ఎంచుకోవచ్చు. ఓటీపీలకి, బ్యాంకు లావాదేవీల మెసేజిలకి దీనివల్ల అడ్డం రాదు. ఆ భయంతో నమోదు మానుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. భయం అక్కర్లేదు.

"డీఎన్‌డీ పెట్టాక కూడా ఫోన్లు ఆగలేదండీ" అన్నది తరచుగా వినపడే మాట. కారణం ఉంది. డీఎన్‌డీని పట్టించుకునేది టెలిమార్కెటర్లుగా నమోదైన సంస్థలు. వాళ్ల ప్రచార ఫోన్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలి. మామూలు 10 అంకెల సెల్ నంబర్లు కొని, వాటితో ప్లాట్లు, లోన్లు అమ్మేవాళ్లు నమోదు కాలేదు కాబట్టి ఆ జల్లెడలోంచి జారిపోతారు. వాళ్లని ఆపేది మీ ఫిర్యాదే. ఈ రకం వాళ్లమీద ఫిర్యాదు చెయ్యడానికి మీరు డీఎన్‌డీలో ఉండి తీరాలన్న నియమం కూడా లేదు.

ఆ మెసేజి ఎలా రాయాలో నెమ్మదిగా చెబుతాను, కాగితం దగ్గర పెట్టుకోండి. మొదట ఒక్క ముక్కలో విషయం: ప్లాట్లు కొనమని ఫోన్ చేశారు. కామా. తర్వాత ఫోన్ చేసిన 10 అంకెల నంబరు. కామా. తర్వాత ఫోన్ వచ్చిన తేదీ, అంటే తారీఖు, నెల, సంవత్సరం, రెండేసి అంకెల్లో. అంతే. 1909కి పంపితే ఫిర్యాదు నంబరుతో జవాబు వస్తుంది, దాన్ని చెరపకండి. ఫోన్ వచ్చిన 7 రోజుల్లోపు పంపాలి. ఫోన్ ఏ సిమ్‌కి వచ్చిందో ఆ సిమ్ నుంచే పంపాలి. రెండు సిమ్‌లున్న ఫోన్లలో ఎక్కువగా తప్పేది ఇక్కడే, మెసేజి రెండో సిమ్ నుంచి వెళ్లిపోతుంది. ఇంకో తప్పు, "రోజూ విసిగిస్తున్నారు, చర్య తీసుకోండి" అని రాసి నంబరు, తేదీ వదిలేయడం. అవి లేకపోతే ఎవరు, ఎప్పుడు అన్నది కంపెనీ తన రికార్డులో సరిచూసుకోలేదు.

2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ నిబంధనలు బిగించింది. ఇలా ఫోన్లు, మెసేజిలు పంపే ఒకే మనిషి మీద గానీ సంస్థ మీద గానీ 10 రోజుల్లో 5 ఫిర్యాదులు వస్తే చాలు, టెలికాం కంపెనీ చర్యకి సిద్ధం కావాలి. అంతకుముందు 7 రోజుల్లో 10 రావాల్సి ఉండేది. నమోదు కానివాళ్లమీద టెలికాం కంపెనీ చర్య తీసుకునే గడువు 30 రోజుల నుంచి 5 రోజులకి తగ్గింది. మొదటి తప్పుకి 15 రోజులు బయటికి ఫోన్లు చెయ్యకుండా ఆపుతారు, మళ్లీ చేస్తే ఏడాదిపాటు అన్ని కంపెనీల్లోనూ కనెక్షన్లు తీసేస్తారు. అయిదు ఫిర్యాదులంటే ఎంత? మీ అపార్ట్‌మెంట్‌లో ఒక్క అంతస్తు. ఎదురింటాయనకీ, పక్కింటావిడకీ అదే నంబరు నుంచి అదే ప్లాట్ల ఫోను వచ్చి ఉంటుంది. తలా ఒక మెసేజి పెడితే సరిపోతుంది. "ఒక్కడు ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది" అనుకుని అయిదుగురూ ఊరుకోవడంవల్లే ఆ నంబరు ఇంకా మోగుతోంది.

ఎస్‌ఎమ్‌ఎస్ అయితే పంపినవాడి పేరు చూడండి. ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, చిన్న గీత, ఆ తర్వాత సంస్థ పేరు సూచించే గుర్తు, చివర మళ్లీ గీత, ఒక అక్షరం. ఆ చివరి అక్షరమే ముఖ్యం. పి అంటే ప్రచారం. ఎస్ అంటే సేవ. టి అంటే లావాదేవీ, అంటే ఓటీపీలాంటివి. జి అంటే ప్రభుత్వం. "మీ బ్యాంకు కేవైసీ ఈ రాత్రితో అయిపోతోంది" అన్న మెసేజి ఈ గుర్తులేవీ లేకుండా మామూలు 10 అంకెల నంబరు నుంచి వస్తే అది బ్యాంకు కాదు, లింకు ముట్టుకోకండి. ఫోన్లలో కూడా బ్యాంకుల, ప్రభుత్వ శాఖల సేవల కోసం 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు.

ఇలా మోసం వాసన కొట్టేవాటిని 1909తో సరిపెట్టకూడదు. కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో చక్షు అనే విభాగం ఉంది. గత 30 రోజుల్లో వచ్చిన అనుమానాస్పద ఫోన్, ఎస్‌ఎమ్‌ఎస్, వాట్సాప్ మెసేజి, ఏదైనా అక్కడ ఇవ్వచ్చు. డబ్బు పోయుంటే మాత్రం చక్షు కాదు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. డబ్బు మోసగాడి ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దాటేలోపు ఆపగలగాలి, అందుకని ప్రతి నిమిషానికీ విలువుంది. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు చూపించి "డిజిటల్ అరెస్టు" అంటే కట్ చెయ్యండి. మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు.

అసలు మన నంబరు వాళ్లకి ఎక్కడిది? చాలాసార్లు మనమే ఇచ్చుంటాం. మన విశాఖలో ద్వారకానగర్‌లోనో జగదాంబలోనో బట్టలు కొంటే బిల్లు దగ్గర "నంబరు చెప్పండి" అంటారు, చెప్పేస్తాం. ఎగ్జిబిషన్‌కి వెళ్తే లక్కీడ్రా చీటీ మీద పేరు, నంబరు, ఏ కాలనీలో ఉంటామో కూడా రాసి డబ్బాలో వేస్తాం. నంబరు ఇస్తేనే బిల్లు వేస్తామని దుకాణాలు పట్టుబట్టకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పింది. "నంబరు లేకుండా బిల్లు వెయ్యండి బాబూ" అని అడగడం మన హక్కు.

ఇంకో జాగ్రత్త. వాట్సాప్‌లో తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే ఏర్పాటు ఉంది, సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో కాల్స్. అది పెట్టుకోండి. అక్కడే గ్రూప్స్ అన్నచోట "నా కాంటాక్ట్స్ మాత్రమే" అని మారిస్తే ఊరూపేరూ లేని షేర్ మార్కెట్ గ్రూపుల్లోకి ఎవరుపడితే వాళ్లు మిమ్మల్ని లాగలేరు. మామూలు ఫోన్‌కి మాత్రం తెలియని నంబర్లన్నీ మూగబోయేలా పెట్టకండి. గ్యాస్ సిలిండర్ అబ్బాయి, ఆసుపత్రి నుంచి రిపోర్టు గురించి చేసేవాళ్లు, పిల్లల బడి వ్యాన్ డ్రైవరు, వీళ్లందరూ తెలియని నంబర్లే.

ఇక తిట్లు. ఇక్కడ జల్లెడ వేరు.

అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చే ఒక మెసేజి తీసుకుందాం. "ఈ నెల ట్యాంకర్ డబ్బులు ఎవడి జేబులోకి పోయాయి, దొంగ కమిటీ." చదవగానే ఒళ్లు మండుతుంది. రాత్రంతా కూర్చుని లెక్కలు రాసిన ట్రెజరర్‌కి మరీ మండుతుంది. ఫోన్ పక్కన పెట్టి, ఆ వాక్యంలోంచి "ఎవడి", "దొంగ" అన్న మాటలు తీసేసి చూడండి. ఏం మిగిలింది? ట్యాంకర్ డబ్బుల లెక్క. అది అడగదగ్గ ప్రశ్నే. ఎండాకాలంలో మన ఊళ్లో నీళ్ల ట్యాంకర్ ఖర్చు ఏ ఇంటికైనా బరువే. కాబట్టి మిగిలినదానికే జవాబివ్వాలి. ఈ నెల ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, ఒక్కోటి ఎంత, బిల్లుల ఫొటో ఇదిగో. తీసేసిన మాటల ఊసు ఎత్తకూడదు. "నన్ను దొంగంటావా" అని మొదలుపెట్టారా, ఇక నీళ్ల లెక్క ఎవరికీ గుర్తుండదు. మిగిలిన ముప్ఫై ఇళ్లవాళ్లు చదివేది మీ జవాబునే. అది వాళ్లకోసం రాయండి, తిట్టినాయన కోసం కాదు.

తిట్లు తీసేస్తే ఏమీ మిగలని మెసేజిలుంటాయి. కులం పేరెత్తడం, ఇంట్లో ఆడవాళ్ల ప్రస్తావన, వయసు మీద ఎగతాళి. వీటికి గ్రూపులో జవాబు ఉండకూడదు. అడ్మిన్ ముందు స్క్రీన్‌షాట్ తీసుకోవాలి, తర్వాత మెసేజి అందరికీ కనపడకుండా చెరపాలి, ఆ తర్వాత ఆయనకి విడిగా ఒకే ఒక్క మాట రాయాలి: "మీ ప్రశ్న ఉంటే మర్యాదగా మళ్లీ అడగండి, ఈ భాష మళ్లీ వస్తే గ్రూపులోంచి తీసేస్తాం." మళ్లీ వస్తే తీసేయాలి, రెండో హెచ్చరిక వద్దు. చెప్పి చెయ్యని అడ్మిన్ మాట మూడోరోజుకి ఎవరూ వినరు. రాత్రి పదింటికి గొడవ రాజుకుంటే, అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపుని తెల్లారేదాకా మార్చవచ్చు.

మూడో రకం తేలిగ్గా తీసుకోకూడదు. చంపుతాననడం, అసభ్యమైన ఫొటోలు పంపడం, బ్లాక్ చేసినా కొత్త నంబర్లతో వెంటపడటం. ముఖ్యంగా అమ్మాయిలు, ఇంట్లో చెబితే ఫోన్ లాక్కుంటారనో చదువు మానిపిస్తారనో భయపడి నెలల తరబడి ఒంటరిగా మోస్తారు. ఇది వింటున్న తల్లిదండ్రులకి మనవి. చెప్పిన పిల్లని ముందు ఒక్క ప్రశ్న కూడా వెయ్యకండి. ఫోన్ తీసుకోకండి. పక్కన కూర్చోండి.

తర్వాత పని సాక్ష్యం. వాట్సాప్‌లో పంపినవాడే రెండు రోజులు దాటాక కూడా తన మెసేజి చెరపగలడు, కాబట్టి ఆలస్యం చెయ్యకూడదు. స్క్రీన్‌షాట్‌లో మెసేజి, టైము, తేదీ కనపడాలి. పేరుతో సేవ్ చేసిన నంబరైతే స్క్రీన్‌షాట్‌లో పేరే పడుతుంది. పేరు మీద నొక్కి నంబరు కనపడే పేజీని కూడా తీసుకోండి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. అప్పుడు రిపోర్ట్ చెయ్యండి. రిపోర్ట్ చేస్తే ఆఖరి 5 మెసేజిలు వాట్సాప్ సంస్థకి వెళ్తాయి. అక్కడే బ్లాక్ చెయ్యమంటావా, చాట్ చెరపమంటావా అని అడిగితే, చెరపడానికి మాత్రం ఒప్పుకోకండి. బ్లాక్ చేసినట్టు అవతలివాడికి సందేశమేదీ వెళ్లదు. ఫోన్ మార్చడం, రీసెట్ కొట్టడం కేసు తేలేదాకా వద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఏ పరికరం నుంచి తీశారో రాయాలి. కోపంలో మీరు కూడా బూతులు తిట్టుంటే అవీ ఆ చాట్‌లోనే ఉంటాయని గుర్తుంచుకోండి.

ఒట్టి మర్యాద తక్కువతనం నేరం కాదు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. కానీ ఆడవాళ్లని వెంటపడి వేధించడానికి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ ఉంది, మొదటిసారికి మూడేళ్ల దాకా జైలు. బెదిరింపుకి 351. ఎవరో తెలియకుండా దాక్కుని బెదిరిస్తే దానికి అదనంగా రెండేళ్ల దాకా. అసభ్య చిత్రాలు పంపితే ఐటీ చట్టం 67. స్టేషన్‌కి వెళ్లినప్పుడు ఈ అంకెలు మీరు చెప్పనక్కర్లేదు, జరిగింది తేదీలవారీగా ఒక కాగితం మీద రాసి తీసుకెళ్తే చాలు. విశాఖ కమిషనరేట్‌లో సైబర్ క్రైమ్ స్టేషన్ ఉంది. గాజువాకలో ఉన్నా, మధురవాడలో ఉన్నా దగ్గర్లోని స్టేషన్‌లోనే ఇవ్వచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి. మహిళలపై, పిల్లలపై నేరాలైతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇచ్చే వీలుంది. ప్రాణానికి ముప్పనిపిస్తే కాగితాలన్నీ పక్కనపెట్టి అత్యవసర నంబరు 112కి ఫోన్ చెయ్యండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ సాయంత్రం వాళ్ల ఫోన్ పది నిమిషాలు అడిగి తీసుకోండి. 1909కి మెసేజి పంపండి, వాట్సాప్‌లో ఆ రెండు మార్పులూ చెయ్యండి, 1930ని పేరుతో సేవ్ చెయ్యండి. గోడ క్యాలెండరు మీద కూడా పెద్ద అంకెల్లో రాసి పెట్టండి, కళ్లజోడు లేకుండా కనపడేలా.

సెలవు.