కంచంలో కాల్షియం లెక్క: ఎముకలు గుల్లబారిన వాళ్ళు రోజంతా ఏం తినాలి?

నమస్కారం అండి. వీడియో ఒక్క నిమిషం పాజ్ చేసి, మీరు రోజూ పాలు తాగే గ్లాసు, పెరుగు వేసుకునే గిన్నె, ఒక కాగితం, పెన్ను తెచ్చుకోండి. ఇవి లేకుండా చూస్తే ఇది కూడా ఫోన్‌లో వచ్చే వంద ఆరోగ్య వీడియోల్లో ఒకటైపోతుంది.

తెచ్చుకున్నారా? సరే.

నేను విజయవాడలో డైటీషియన్‌ని. ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారాయని రిపోర్టు పట్టుకుని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగేది ఒకటే, "ఏ కాల్షియం టాబ్లెట్ మంచిదండీ?" అని. నేను తిరిగి అడిగేది కూడా ఒకటే, "నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నారు?" అని. కంచంలోంచి ఎంత వస్తోందో తెలియకుండా టాబ్లెట్ ఎంత వేసుకోవాలో ఎలా తెలుస్తుంది చెప్పండి? అందుకని ఈరోజు మనం కలిసి ఆ లెక్క వేద్దాం.

ముందు గ్లాసు సంగతి. అర లీటరు పాల ప్యాకెట్ కత్తిరించి మీ గ్లాసుతో కొలవండి. విజయ పాలైనా, సంగం పాలైనా, ఏదైనా సరే. మూడు గ్లాసులు నిండి కొంచెం మిగిలితే మీది 150 మిల్లీలీటర్ల గ్లాసు. రెండున్నర వస్తే 200. అయిదు వస్తే అది కాఫీ గ్లాసు, 100. "రోజూ గ్లాసు పాలు తాగుతానండీ" అనే మాటలో సగానికి సగం తేడా ఇక్కడే ఉంటుంది. పెరుగు గిన్నె కూడా ఇలాగే కొలిచి కాగితం మీద రాసుకోండి.

ఇక ఎంత కావాలి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి 1200. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పడిపోతుంది. ఎముక కొత్తగా కట్టుకునే దానికంటే కరిగేది ఎక్కువైపోతుంది. అందుకే వాళ్ళకి ఆ అదనం.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. "రక్తపరీక్షలో కాల్షియం నార్మల్ వచ్చిందండీ, నాకేం లేదు" అంటుంటారు. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు సరిగ్గా పనిచెయ్యవు. కాబట్టి తిండిలోంచి రాకపోతే శరీరం ఎముకల్లోంచి తీసి మరీ రక్తంలో నిలబెడుతుంది. రక్తం రిపోర్టు బాగుండగానే ఎముక అరిగిపోతుంటుంది. ఎముక సంగతి చెప్పేది డెక్సా స్కాన్, అంటే ఎముక సాంద్రతని కొలిచే ఎక్స్‌రే పరీక్ష. అందులో టీ స్కోరు అని ఒక అంకె ఇస్తారు, మీ ఎముకని ఆరోగ్యంగా ఉన్న వయసువాళ్ళ ఎముకతో పోల్చి చెప్పేది. అది మైనస్ 2.5, లేదా అంతకంటే కిందికి ఉంటే ఆస్టియోపొరోసిస్ అంటారు. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్యలో ఉంటే ఇంకా అంత దూరం పోలేదు, కానీ దారి అటే.

రండి, లెక్క మొదలుపెడదాం. మన బెజవాడ ఇంట్లో యాభై ఎనిమిదేళ్ళ ఆవిడ మామూలుగా తినే తిండి తీసుకుంటున్నాను. మీరు పక్కనే మీది రాసుకుంటూ రండి.

పొద్దున్న కాఫీ. అందులో పాలు 100 మిల్లీలీటర్లు. పాలకి గుర్తు పెట్టుకోవాల్సిన లెక్క తేలిక, 100 మిల్లీలీటర్లకి సుమారు 120 మిల్లీగ్రాములు. సరే, 120 రాయండి. టిఫిన్ మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ. మినప్పప్పు ఉంది కాబట్టి ఒక 50 వేద్దాం. మధ్యాహ్నం అన్నం, ముద్దపప్పు, దొండకాయ వేపుడు, చివర్లో చిన్న గిన్నె పెరుగు. అన్నంలో కాల్షియం లేదనే అనుకోండి. పప్పూ కూరా కలిపి 55, పెరుగు 100 గ్రాములైతే 120. మొత్తం 175. సాయంత్రం టీలో పాలకి 60. రాత్రి కొంచెం అన్నం, పొద్దుటి కూర, మజ్జిగ. దానికి 100.

[తెర మీద: 120 + 50 + 175 + 60 + 100 = 505]

మజ్జిగ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పెద్ద చెంబుడు మజ్జిగ తాగామని అందరం సంతోషపడతాం. అందులో కాల్షియం వచ్చేది పెరుగులోంచి, నీళ్ళలోంచి కాదు. రెండు స్పూన్ల పెరుగుకి చెంబుడు నీళ్ళు పోస్తే దాహం తీరుతుంది, ఎండదెబ్బకీ మంచిదే, కానీ ఈ కాగితం మీద మాత్రం రెండు స్పూన్ల పెరుగే రాయాలి.

చూశారా, 505. కావాల్సింది 1200. ఈవిడ కడుపునిండా తింటోంది. పాలు, పెరుగు, పప్పు అన్నీ ఉన్నాయి. అయినా సగం కూడా రాలేదు. ఇప్పుడు ఇదే కంచంలో ఏం మార్చొచ్చో చూద్దాం.

అన్నిటికంటే సులువైన మార్పు పాలే. రాత్రి పడుకునే ముందు 200 మిల్లీలీటర్లు తాగితే 240 వచ్చి చేరుతుంది. కొలెస్ట్రాల్ భయం ఉన్నవాళ్ళు వెన్న తీసిన పాలు వాడుకోండి. వెన్నతో కాల్షియం పోదు, అది పాలలోనే ఉంటుంది. పాలు తాగితే కడుపు ఉబ్బరించే వాళ్ళకి చాలామందికి పెరుగు పడుతుంది. రాత్రి పల్చటి మజ్జిగ బదులు ఇంకో చిన్న గిన్నె పెరుగు వేసుకుంటే ఇంకో 60 పెరుగుతుంది.

రెండోది రాగులు. మన ధాన్యాలన్నిట్లో కాల్షియం ఎక్కువ దీంట్లోనే, 100 గ్రాములకి 350 దాకా. వరిబియ్యంలో పది కూడా ఉండదు. 30 గ్రాముల రాగిపిండితో, అంటే రెండు పెద్ద స్పూన్లతో, జావ కాస్తే 105. రాగుల్లో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టుకుని వదలదు. మొలకెత్తించి ఆరబెట్టి పట్టించిన పిండిలోనూ, రాత్రి కలిపి పెట్టి పులిసిన పిండిలోనూ అది తగ్గుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు బెల్లం జోలికి పోకుండా మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలతో తాగండి. జావ నోటికి తేలిగ్గా ఉంటుంది కదా అని రెండు మూడు గ్లాసులు లాగించకండి, షుగర్ పెరుగుతుంది.

మూడోది నువ్వులు. పెద్దమనిషి అయిన పిల్లకి మన ఇళ్ళల్లో చిమ్మిలి పెట్టడం మీకు తెలిసిందే. పొట్టుతో ఉన్న నువ్వుల్లో 100 గ్రాములకి 1200 పైనే కాల్షియం ఉంటుంది. పొట్టు తీసి తెల్లగా పాలిష్ చేసినవి కొంటే అందులో చాలా భాగం పొట్టుతోనే పోయినట్టు. నల్ల నువ్వులో, పొట్టున్న మామూలు నువ్వులో తెచ్చి, వేయించి, పొడి కొట్టి పెట్టుకోండి. రోజుకి 10 గ్రాములు, ఇడ్లీ మీదకో అన్నంలోకో. కాగితం మీద అది 130 పైన అవుతుంది. కానీ ఆ పొట్టులోనే ఆక్సలేట్ అనే పదార్థం కూడా ఉంది, అదీ ఫైటేట్‌లాగే కాల్షియాన్ని పట్టేస్తుంది కాబట్టి అంతా వంటబట్టదు. అందుకే నేను సగం, 70 మాత్రమే వేస్తాను. పుస్తకంలో అంకె చూసి మురిసిపోవడం నాకు ఇష్టం ఉండదు.

ఆకుకూరల దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. పాలకూర తింటే కాల్షియం వస్తుందనుకుంటారు. పాలలో ఉన్న కాల్షియంలో సుమారు మూడోవంతు వంటబడితే, పాలకూరలో ఉన్నదాంట్లో ఇరవయ్యో వంతే వంటబడుతుంది. కారణం మళ్ళీ ఆక్సలేటే. చుక్కకూరకీ ఆ బాధ ఉంది. తోటకూర, గోంగూర కూడా దాన్నుంచి పూర్తిగా తప్పించుకోలేదు. గుంటూరు వాళ్ళకి కోపం వస్తుందేమో, గోంగూర తినొద్దని నేను అనడం లేదు. రుచికి తినండి, వేరే పోషకాలకి తినండి, కాల్షియం లెక్కలో వెయ్యకండి. ఆ పని మునగాకుకి అప్పజెప్పండి. 100 గ్రాముల పచ్చి మునగాకులో 300 పైన ఉంటుంది. గుప్పెడు ఆకు, అంటే 30 గ్రాములు, కందిపప్పులో వేసి వండితే 95. పటమట రైతు బజారులో ఎప్పుడూ దొరక్కపోవచ్చు, కానీ మన వీధుల్లో మునగచెట్టు లేని చోటెక్కడ? కాయలు కోసుకుని ఆకు వదిలేస్తాం, అంతే. కరివేపాకులోనూ కాల్షియం బాగా ఉంది. కంచం అంచుకి నెట్టేసేవాళ్ళకి అది రాదు, పొడి చేసుకుని తినేవాళ్ళకి వస్తుంది.

[తెర మీద: 505 + పాలు 240 + పెరుగు 60 + రాగులు 105 + నువ్వులు 70 + మునగాకు 95 = 1075]

చూడండి, టాబ్లెట్ పేరు ఎత్తకుండానే వెయ్యి దాటాం. ఇవన్నీ ఒకేరోజు కుదరవు, నాకు తెలుసు. రాగి జావ లేని రోజు ఉలవచారు పెట్టుకోండి, ఉలవల్లోనూ కాల్షియం ఉంది. చేపలు తినేవాళ్ళైతే ముల్లుతో నమిలి తినగలిగే చిన్న చేపలు పులుసు పెట్టుకోండి. కాల్షియం ముల్లులో ఉంటుంది, ముల్లు తీసేసే పెద్ద చేప కండలో కాదు. ఎండు నెత్తళ్ళు కూడా పనికొస్తాయి కానీ ఉప్పు ఎక్కువ. ముందు బాగా నానబెట్టి కడగాలి.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి, మన జిల్లాల అసలు సమస్యకి వద్దాం. ఒంట్లోంచి ఉప్పు మూత్రంలో బయటికి పోయేటప్పుడు కాల్షియాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. సుమారు 6 గ్రాముల ఉప్పుకి 40 మిల్లీగ్రాముల కాల్షియం. ఆ 40 తిండిలోది కాదు, అప్పటికే వంటబట్టి రక్తంలో చేరినది. అంత మళ్ళీ రక్తంలో చేరాలంటే 100 మిల్లీలీటర్ల పాలు తాగాలి, అంటే పొద్దుటి కాఫీ పాలు మొత్తం దానికే సరి. రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటారు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, సాయంత్రం పునుగులు, ఇవన్నీ తింటూ 5 గ్రాముల్లో ఎవరుంటారు? కారం వల్ల ఎముకలకి ఏమీ కాదు, ఆ భయం వద్దు. ఆవకాయ పూర్తిగా మానెయ్యమంటే ఈ ఊళ్ళో నా మాట ఎవరూ వినరు. అందుకని నేనడిగేది ఇంతే. పచ్చడి రోజుకి ఒక్క పూటే, ఆ పూట అప్పడం వద్దు, మజ్జిగలో ఉప్పు వద్దు. టమాటా, దోసకాయ, బీరకాయ రోటి పచ్చళ్ళు అప్పటికప్పుడు తక్కువ ఉప్పుతో చేసుకుంటే నాలుకకీ లోటుండదు.

ప్రొటీన్ గురించి తొందరగా చెప్తాను. ఎముకలో కాల్షియం నిలవడానికి కావాల్సిన చట్రం ప్రొటీన్‌తోనే తయారవుతుంది. పెద్దవయసు వాళ్ళు రాత్రిపూట రెండు ఇడ్లీలు తిని పడుకుంటారు, అది చాలదు. బరువు 60 కిలోలుంటే రోజుకి కనీసం 50 గ్రాములైనా చూసుకోవాలి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప, శనగలు, ఏదో ఒకటి ప్రతి పూటా కంచంలో ఉండాలి.

విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం వంటబట్టదు. తిండిలో అది దొరికేది చాలా తక్కువ, గుడ్డు పచ్చసొనలో కొంచెం, కొవ్వున్న చేపల్లో కొంచెం. ఎండలోంచే రావాలి. పొద్దున్న ఏడింటికి ప్రకాశం బ్యారేజీ వైపు వాకింగ్ హాయిగా ఉంటుంది కానీ, ఆ లేత ఎండతో విటమిన్ డి పెద్దగా తయారవ్వదు. అద్దాల కిటికీ వెనక కూర్చుంటే అసలు రాదు. చలికాలంలో పదకొండు ప్రాంతంలో చేతులకి, కాళ్ళకి పావుగంట ఎండ తగలనివ్వండి. మే నెలలో మాత్రం బెజవాడ ఎండలో నిలబడమని నేను చెప్పను. విటమిన్ డి తక్కువుంటే డాక్టర్ 60,000 యూనిట్ల సాచెట్ రాస్తారు. అది సాధారణంగా వారానికి ఒకటి, అదీ కొన్ని వారాలే. బాగుంది కదా అని రోజూ వేసుకున్నా, ఏడాదంతా సొంతంగా సాగదీసినా రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు పట్టుకుంటాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

వాట్సాప్ చిట్కాల్లో రెండింటికి జవాబు చెప్పి ముందుకు పోతాను. మేక కాళ్ళ సూప్ వేడివేడిగా బాగుంటుంది, తాగండి. కానీ ఎముక ఎంతసేపు ఉడికినా కాల్షియం నీళ్ళలోకి దిగేది చాలా తక్కువ. కిళ్ళీ సున్నం నీళ్ళలో కలుపుకుని తాగమనే చిట్కా మాత్రం దయచేసి చెయ్యకండి. నోరు, గొంతు, కడుపు కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇక టాబ్లెట్. కంచం లెక్క 1075 వచ్చిన ఆవిడకి తక్కువైంది 125. ఆవిడ రోజూ రెండు పూటలా 500 మిల్లీగ్రాముల టాబ్లెట్ మింగాల్సిన అవసరం ఏముంది? మీ కాగితం డాక్టర్‌కి చూపించి ఎంత కావాలో ఆయన్నే అడగండి. ఒకవేళ వెయ్యాల్సి వస్తే, ఒక్కసారి 500 మించితే శరీరం సరిగ్గా తీసుకోలేదు కాబట్టి రెండు పూటలుగా విడగొట్టాలి. కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతోనే వేసుకోవాలి. గ్యాస్ మాత్ర రోజూ వాడేవాళ్ళకి కాల్షియం సిట్రేట్ మేలు, దానికి కడుపులో ఆమ్లం అవసరం లేదు. అట్ట మీద 1250 అని ఉంటే అది కార్బొనేట్ బరువు, అందులో మనకి కావాల్సిన కాల్షియం 500.

కిడ్నీలో రాళ్ళున్నాయని పాలు, పెరుగు మానేసిన వాళ్ళు చాలామంది ఉన్నారు. భోజనంతో తిన్న కాల్షియం ఆక్సలేట్‌ని పేగులోనే పట్టేస్తుంది, దాంతో కిడ్నీకి చేరేది తగ్గుతుంది. కాబట్టి పెరుగన్నం మానకండి. టాబ్లెట్ సంగతి మాత్రం డాక్టర్‌ని అడిగే తేల్చుకోండి. కిడ్నీ జబ్బుతో క్రియాటినిన్ పెరిగిన వాళ్ళకి ఈ వీడియోలో చెప్పిన లెక్కలేవీ వర్తించవు.

థైరాయిడ్ మాత్ర వాడేవాళ్ళు దానికీ కాల్షియం టాబ్లెట్‌కీ మధ్య నాలుగు గంటలు గడవనివ్వాలి. ఐరన్ మాత్రని కూడా కాల్షియంతో కలిపి మింగకండి.

టీ స్కోరు బాగా పడిపోయినా, చిన్న జారుడుకే మణికట్టో తుంటో విరిగినా, తిండి ఒక్కటే సరిపోదు, మందులు వాడాలి. వాటిల్లో చాలామందికి రాసేది అలెండ్రోనేట్, వారానికి ఒక మాత్ర. పొద్దున్నే పరగడుపున, గ్లాసుడు మంచినీళ్ళతో వేసుకుని, అరగంట పడుకోకుండా కూర్చోవాలి, లేదా నిలబడాలి. ఆ అరగంటలో పాలు తాగినా, టిఫిన్ తిన్నా, కాల్షియం టాబ్లెట్ వేసుకున్నా ఆ మాత్ర పనిచెయ్యదు. కాఫీ కూడా అంతే, వారంలో ఆ ఒక్క రోజు అరగంట తర్వాతే తాగండి.