మాచ్నూర్ రేడియో, మన ఇంటి వార్తలు

శ్రోతలకు నమస్కారం. ప్రసార సాధనాలు కుటుంబ జీవితాన్ని ఎలా మారుస్తున్నాయన్న మాట వచ్చినప్పుడల్లా మనం సెల్‌ఫోన్‌తో మొదలుపెట్టి, టీవీ సీరియళ్లను నాలుగు మాటలని, పిల్లల చదువులు పాడైపోతున్నాయన్న దగ్గర ఆగుతాం. ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కాని అది మీకందరికీ తెలిసిన విషయమే కనుక, నాకిచ్చిన ఈ కొద్ది సమయాన్నీ ఒకే ఒక రేడియో కేంద్రానికి కేటాయిస్తాను.

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో మాచ్నూర్ అనే చిన్న ఊరుంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అండతో ఏర్పడిన మహిళా సంఘాలు 2008 అక్టోబరు 15న ఆ ఊరి నుంచి 'సంఘం రేడియో' ప్రసారాలను మొదలుపెట్టాయి. ఈ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. చిన్న కమతాల్లో జొన్న, సజ్జ, కొర్ర, కంది కలిపి పండించుకొనేవారు. కేంద్రాన్ని నడిపించే బాధ్యత తీసుకున్న ఇద్దరు యువతుల పేర్లూ నరసమ్మే కావడంతో ఒకరిని జనరల్ నరసమ్మ అని, మరొకరిని ఆల్గోల్ నరసమ్మ అని పిలిచేవారు.

ఈ ప్రసారం గాలిలోకి రావడానికి పట్టిన కాలం తక్కువేమీ కాదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు సాముదాయక రేడియో, అంటే ఒక ప్రాంతం ప్రజలే తమకోసం నడుపుకొనే చిన్న రేడియో, అనుమతి దక్కే విధానం 2006లో గాని రాలేదు. అంతవరకూ ఆ స్త్రీలు చేతులు కట్టుకొని కూర్చోలేదు. తమ మాటలనూ పాటలనూ క్యాసెట్ల మీద రికార్డు చేసి, ఊరూరా సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్ చేతుల మీదుగానే ఆ తరువాత ఈ కేంద్రం ప్రారంభమైంది. నాకు ఈ సంగతి ఎప్పుడు తలచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

ప్రసారం రాత్రి 7 గంటల నుంచి 9 గంటల వరకు, అంటే పొలం పనులు ముగించుకొని అందరూ ఇల్లు చేరే వేళ. విత్తనం ఎలా దాచాలి, ఏ ఆకు ఏ జబ్బుకు పనికి వస్తుంది, ఏ పండుగకు ఏ పాట పాడతారు అన్న విషయాలను ఆ ఊళ్ల స్త్రీలే, ఇంట్లో మాట్లాడే యాసలోనే చెబుతారు. ఇక్కడే నేను ఒక క్షణం ఆగుతాను. ఇంట్లో కోడలు మాట్లాడబోతే అత్తగారో భర్తో మధ్యలో అందుకోవడం మనకు అలవాటైన విషయమే. అదే కోడలు గొంతు రేడియోలో వస్తున్నప్పుడు అడ్డు తగలడం కుదరదు. చెప్పేది పూర్తయ్యే వరకు వినవలసిందే. పూర్తయ్యే వరకు వినడం అనేది చాలా ఇళ్లలో ఆడవారికి దక్కని మర్యాద. ప్రసార సాధనం కుటుంబాన్ని మార్చడమంటే నా ఉద్దేశంలో ముందుగా చూడవలసింది ఇదే: అది ఇంట్లో ఎవరి నోటికి మాట ఇచ్చింది అన్నది.

ఒక చిక్కు ఉంది. మన దేశంలో సాముదాయక రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి వార్తలను ఉన్నదున్నట్టు వినిపించడానికి మాత్రం తరువాతి కాలంలో వీలు కల్పించారు. కంది చేను ఎండుతున్నప్పుడు తానేం చేసిందో ఒక రైతు మహిళ చెబితే, పక్క ఊరికి దానికన్నా పెద్ద వార్త ఏముంటుంది? ఈ సంఘాల స్త్రీలే కెమెరా పట్టుకొని, వరంగల్ జిల్లాలో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి వేసిన రైతుల కష్టనష్టాలను చిత్రించారు. ఆ పని చేయగలిగిన వారికి తమ మండలం వార్తలు చెప్పడం చేతకాదని ఎవరూ అనలేరు. ఈ నిబంధనను సడలించాలన్నది నా అభిప్రాయం. భిన్నాభిప్రాయం ఉన్నవారు వదంతులు వ్యాపిస్తాయంటారు. కాని వదంతులకు ఈనాడు రేడియో అవసరమే లేదు, అవి చేతిలోని ఫోనుకే వస్తున్నాయి.

మన ఇంట్లో ఒకే గదిలో నలుగురు నాలుగు ఫోన్లలో నాలుగు రకాల వార్తలు, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో వింటున్నాం. విన్నదాన్ని పక్కవారు ప్రశ్నించే అవకాశమే లేదు. అందుచేత ఒక చిన్న పని చేసి చూడండి. రాత్రి భోజనాల వేళ రేడియో గాని, ఒక్క ఫోను గాని మధ్యలో పెట్టి, పది నిమిషాల బులెటిన్ అందరికీ వినబడేలా పెట్టండి. అయిపోయాక, ఈ వార్త ఎవరు చెప్పారు, వారికి ఎలా తెలిసింది అన్న రెండు ప్రశ్నలు ఇంట్లో చిన్నవాళ్ల చేత అడిగించండి. అభిప్రాయం చెప్పే మొదటి అవకాశం ఆ పూట వంట చేసిన మనిషికి ఇవ్వండి, ఆమె చెప్పేది పూర్తయ్యే వరకు మిగిలినవారు ఆగండి. వడ్డిస్తూ తిరిగే మనిషికి వినడం కుదరదు కనుక, బులెటిన్ పెట్టేది ఆమె కూడా కంచం ముందు కూర్చున్న తరువాతనే. నమస్కారం.