కంటితో పట్టాల్సిన చేప

అందరికీ నమస్కారం. శనివారం సాయంత్రం పిల్లల క్లాసులూ పనులూ పక్కన పెట్టి ఒక చేప గురించి వినడానికి వచ్చారు, చాలా సంతోషం.

ఆ చేప మీకు కొత్తది కాదు. బొచ్చె, శీలావతి, బంగారుతీగ అని మన చెరువుల వాళ్లు ఒక్క గుక్కలో చెప్పే మూడు పేర్లలో చివరిది. ఇక్కడ డెన్వర్‌లో సౌత్ ప్లాట్ నది పక్కన సైకిల్ దారి మీద నడుస్తుంటే, నీళ్లలో మోచెయ్యంత పొడుగున ఇత్తడి రంగులో కదులుతూ కనిపిస్తుందే, అదే. ఇక్కడివాళ్లు కామన్ కార్ప్ అంటారు. పన్నెండేళ్లుగా నేను ఫ్లై రాడ్డు పట్టుకుని దాని వెంట తిరుగుతున్నాను. ఇన్నేళ్లలో ట్రౌట్ గానీ బాస్ గానీ నన్ను ఇంతగా కష్టపెట్టలేదు, నాకు ఇంతగా నేర్పలేదు.

చిన్నప్పుడు మా తాతయ్యతో కాలవగట్టు మీద కూర్చుని గాలం వేసేవాణ్ణి. తవుడు కలిపిన పిండిముద్ద, నెమలి ఈకతో చేసిన బెండు. బెండు ఊగితే ఊపిరి బిగబట్టడం, మునిగితే లాగడం. అక్కడ ఎరే చేపను పిలుస్తుంది. మనం కదలక్కర్లేదు. ఫ్లై ఫిషింగ్‌లో అంతా తలకిందులు. కొక్కేనికి ఈకలూ దారమూ బొచ్చూ చుట్టి పురుగులా కడతాం, దాన్నే ఫ్లై అంటారు. దానికి వాసన లేదు, రుచి లేదు, బరువు అంతంతమాత్రం. అంత తేలిక వస్తువు దూరం పోదు కాబట్టి లైనే, అంటే గాలం దారమే, లావుగా, బరువుగా ఉంటుంది. మనం విసిరేది ఆ లైన్‌ని, ఫ్లై దాని వెనకాల పోతుంది. ట్రౌట్ అయితే ప్రవాహంలో ఒకచోట నిలబడి, కొట్టుకొచ్చిన పురుగును కంటితో చూసి అందుకుంటుంది. బంగారుతీగ ఎక్కువగా అడుగున బురదను మూతితో తవ్వుతూ తింటుంది. దాని నోటి పక్కన నాలుగు మీసాలుంటాయి. ఆ మీసాలతో, పెదాలతో రుచి చూస్తుంది. అలాంటి చేపకు రుచీ పచీ లేని ఈక ముక్కను తినిపించాలి. మొదటి చిక్కు ఇదే.

రెండో చిక్కు దాని చెవులు. ఈ జాతి చేపలకు కడుపులోని గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న చిన్న ఎముకల వరుస ఉంటుంది. నీళ్లలో పుట్టే శబ్దం గాలితిత్తిని కదిలిస్తే, ఆ ఎముకలు దాన్ని చెవికి చేరవేస్తాయి. అందుకే గులకరాళ్ల మీద బూటు కరకరమంటే చాలు, ముప్పై అడుగుల అవతల ఉన్న చేప తినడం ఆపేస్తుంది. అది పారిపోదు, తోక దించి నెమ్మదిగా లోతుకు జరిగిపోతుంది. కొత్తవాళ్లు అది వెళ్లిపోయిందని కూడా గమనించరు. ఖాళీ నీళ్లలోకి పావుగంట ఫ్లై వేస్తూనే ఉంటారు.

ఇంకో సంగతి. 1938లో కార్ల్ వాన్ ఫ్రిష్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఒక విషయం బయటపెట్టారు. తేనెటీగల నృత్యాన్ని అర్థం చేసుకున్నందుకు తర్వాత నోబెల్ అందుకున్నది ఆయనే. మిన్నో అనే చిన్న చేపకు గాయమైతే దాని చర్మం నుంచి ఒక పదార్థం నీళ్లలో కలుస్తుందనీ, అది తగలగానే మంద మొత్తం బెదిరిపోతుందనీ ఆయన చూశారు. బంగారుతీగ ఆ మిన్నోకు దగ్గరి చుట్టమే. ఒక చేపను పట్టాక అదే మడుగులో ఇంకోదాని కోసం చూడటం నాకు దాదాపు ఎప్పుడూ కలిసిరాలేదు. ఇప్పుడు ఒకటి చిక్కగానే మకాం మార్చేస్తాను.

అసలు ఏ చేపకు వేయాలి? ఈ ప్రశ్నకే నా మొదటి రెండేళ్లూ పోయాయి. ఎండ కాచుకుంటూ పైన కదలకుండా తేలే చేపకు ఏం వేసినా దండగ. వసంతం చివర నీళ్లు వెచ్చబడ్డాక, ఒడ్డు దగ్గర గడ్డిలో గుంపుగా నీళ్లు చిమ్ముకుంటూ తిరిగేవి గుడ్లు పెట్టే పనిలో ఉంటాయి, వాటి జోలికి వెళ్లొద్దు. తల కిందికి, తోక పైకి పెట్టి, చుట్టూ బురద పొగలా లేపుతూ ఉన్నదే మన చేప. నెమ్మదిగా గట్టు వెంబడి వెతుక్కుంటూ పోయేది కూడా పర్వాలేదు.

దొరికింది అనుకుందాం. ఫ్లై దాని ముందు, మనం అన్నం తినే కంచమంత చోటులో పడాలి. నెత్తిన పడితే బెదురుతుంది. రెండడుగులు ఇవతల పడితే, బురదలో తల పెట్టిన చేపకు కనిపించదు. అందుకే చాలామంది చేపకు అవతల మూడు నాలుగడుగుల దూరంలో వేసి, రాడ్డు ఎత్తి ఫ్లైని నీటి పైపైన లాక్కొచ్చి, సరిగ్గా మూతి ముందు వదులుతారు. ఇక బరువు సంగతి. సీసం కళ్లు కట్టిన ఫ్లై టప్పున పడుతుంది, చేప పోతుంది. ఏ బరువూ లేకపోతే అది అడుక్కి దిగేలోపు చేప ముందుకు జరిగిపోతుంది. నేను పూసల గొలుసులోంచి రెండు పూసలు కత్తిరించి కళ్లుగా కడతాను. మోకాలి లోతు నీళ్లకు అవి సరిపోతాయి. పెట్టెలో ఒకే ఫ్లై మూడు బరువుల్లో పెట్టుకుంటాను. రంగుల గురించి గంటలు వాదించుకునేవాళ్లున్నారు. నా లెక్కలో రంగు కంటే బరువే ముఖ్యం.

అన్నింటికన్నా కష్టమైనది ఇప్పుడు చెప్తాను. చేప ఫ్లైని తీసుకున్నట్టు చేతికి తెలియదు. బంగారుతీగకు దవడల్లో పళ్లు లేవు, నత్తల్నీ, రొయ్యల్లాంటి క్రేఫిష్‌లనీ నలిపే పళ్లు గొంతులో ఉంటాయి. నోటిని గొట్టంలా ముందుకు చాచి పీలుస్తుంది, నచ్చకపోతే రెప్పపాటులో ఊదేస్తుంది. లైన్ లాగినట్టు తెలిసేదాకా ఆగితే ఫ్లై ఎప్పుడో బయట ఉంటుంది. బెండుకు అలవాటుపడిన నాకు ఇది ఒంటబట్టడానికి మూడు వేసవులు పట్టింది.

ఒక జూన్ పొద్దున, ఆరున్నర అయి ఉంటుంది. కాటన్‌వుడ్ చెట్ల దూది నీళ్ల మీద తేలుతోంది. వంతెన నీడ చివర ఒక చేప తోక ఊపుకుంటూ తవ్వుతోంది. నేను మోకాళ్ల మీద కూర్చుని వేశాను. ఫ్లై దిగింది. చేప కుడివైపు బెత్తెడు జరిగింది, ఆగింది. మొప్పలు కాస్త విచ్చుకున్నాయి, పెదవి తెల్లగా ఒక్కసారి మెరిసింది. లైన్ మాత్రం ఇసుమంత కూడా కదల్లేదు. చేతికి ఏమీ తెలియకపోయినా కన్ను చెప్పిన మాట విని లాగాను. రాడ్డు వంగిపోయింది, రీలు గిర్రున తిరిగింది, చేప అవతలి గట్టు దాకా ఒక్క పరుగు తీసింది. ఒడ్డుకు తెచ్చేసరికి పావుగంట పట్టింది. తడి చేతులతో పట్టుకుని కొక్కెం తీశాను. పెదవి మందంగా, తోలులా ఉంది. పొలుసుల అంచులు నల్లగా, మధ్యలో పాత ఇత్తడి బిందె రంగు. వదిలితే బురద లేపుకుంటూ వెళ్లిపోయింది.

ఇక్కడ ఈ చేపను చాలామంది చీదరించుకుంటారు, పట్టి గట్టు మీద పడేసిపోతారు. నా కళ్లముందే ఒకాయన అలా చేశాడు. ఆ చేప ఎండలో నోరు తెరుస్తూ మూస్తూ ఉండటం ఇప్పటికీ మర్చిపోలేను. అది బురద లేపుతుంది, నీటి మొక్కల్ని పెకలిస్తుంది, నిజమే. కానీ తనంతట తాను ఈదుకుంటూ రాలేదు. 1877లో స్పెన్సర్ బెయిర్డ్ నడిపిన అమెరికా ఫిష్ కమిషనే జర్మనీ నుంచి 345 చేపలు తెప్పించి బాల్టిమోర్ పార్కు చెరువుల్లో పెంచింది. వాషింగ్టన్‌లో కూడా వీటికోసం చెరువులు పెట్టారు, చేపపిల్లల్ని రాష్ట్రాలకు పంచారు. మన దేశానికీ అది వలస వచ్చిందే. 1939లో శ్రీలంక నుంచి నీలగిరులకు, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కు తెచ్చారు. అక్కడ కూరకు పనికొచ్చింది, పేరులో బంగారం చేరింది. ఇక్కడ గట్టు మీద ఎండుతోంది.

వచ్చే శనివారం పొద్దున ఆరింటికి నాతో రావాలనుకునేవాళ్లు పేరు రాయించండి. పదహారేళ్లు నిండినవాళ్లకు లైసెన్సు తప్పనిసరి. తెల్ల చొక్కాలు వద్దు, మట్టిరంగువి వేసుకోండి. నీటి మీద మెరుపు కొట్టకుండా పోలరైజ్డ్ కళ్లజోడు తెచ్చుకోండి. మధ్యాహ్నం ఉరుములు మొదలైతే వెంటనే ఆపేస్తాం, మెరుపుల్లో చేతిలో కార్బన్ రాడ్డు ఉండకూడదు. రాడ్లు నా దగ్గర నాలుగున్నాయి గానీ, మొదటి గంట అవి కారులోనే ఉంటాయి. ఆ గంటా గట్టు మీద కూర్చుని చేపల్ని చూద్దాం. ఏది తింటోందో, ఏది ఎండ కాచుకుంటోందో మీరే నాకు చెప్పాలి.