కంట్లో పెట్టే లెన్స్ ఏ దూరానికి?

శ్రోతలందరికీ నమస్కారం.

అరవై దాటిన తాతయ్య ఒకరోజు పొద్దున్నే పేపరు చేతికి తీసుకుని, కళ్లద్దాలు పక్కన పెట్టేసి, గడగడా చదివేస్తాడు. "నా చత్వారం పోయిందర్రా" అని ఇంటిల్లిపాదికీ చెబుతాడు. అందరికీ సంతోషమే. కానీ ఆ తాతయ్యే వీధి చివర నుంచి వస్తున్న మనిషిని పోల్చుకోలేడు. చత్వారం పోలేదండీ, శుక్లం మొదలైంది. కంటి లోపలి లెన్స్ మధ్యలో గట్టిపడి, పసుపురంగుకు తిరిగి, దాని పవర్ పెరిగింది. అందుకే దగ్గరివి కనబడుతున్నాయి, దూరానివి మసకబారుతున్నాయి. శుక్లం ముదిరేకొద్దీ ఆ దగ్గరి చూపు కూడా పోతుంది.

కంటి మీద పొర వచ్చిందని అంటూ ఉంటాం. మీద కాదు, లోపల. కంటిపాప వెనక, పల్చని సంచిలో ఉన్న లెన్స్ మసకబారడమే శుక్లం. కోడిగుడ్డు తెల్లసొన చూడండి, పచ్చిగా ఉన్నప్పుడు నీళ్లలా ఉంటుంది, ఉడికితే తెల్లబడుతుంది. ఉడికిన సొనను మళ్లీ పచ్చిసొన చేయలేం కదా. శుక్లం కూడా అంతే, చుక్కల మందుకు కరగదు. ఆకు పసర్లు అసలే పోయవద్దు. నల్లగుడ్డు మీద పుండు పడితే, శుక్లం తీసినా చూపు రాదు.

శుక్లానికి ఉన్న మందు ఆపరేషన్ ఒక్కటే. దాని గురించి వినే ఉంటారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. కన్ను మొద్దుబారేలా చేసి, రెండున్నర మిల్లీమీటర్ల గాటు పెడతారు. లెన్స్ ఉన్న సంచికి ముందువైపు 5 మిల్లీమీటర్ల గుండ్రటి కిటికీ తెరుస్తారు. శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి, పీల్చేసి, మడతపెట్టిన కొత్త లెన్స్‌ను ఆ సంచిలోకి వదులుతారు. అది లోపల విచ్చుకుంటుంది. మామూలుగా కుట్లు అక్కర్లేదు. బాగా ముదిరి రాయిలా అయిన శుక్లానికైతే 6 మిల్లీమీటర్ల గాటు పెట్టి, మొత్తంగా బయటికి తీస్తారు. దీనికీ చాలావరకు కుట్లు పడవు. ఖర్చు తక్కువ. చేయి తిరిగిన డాక్టరు చేస్తే చూపు కూడా చక్కగా వస్తుంది. దీన్ని చిన్నచూపు చూడవద్దని నా మనవి.

ఇక ఈ పూట నేను నిదానంగా చెప్పాలనుకున్న సంగతికి వస్తాను. కొత్త లెన్స్‌ను ఏ దూరానికి పెడతారు? ఇండియా లెన్సా, ఫారిన్ లెన్సా, ఎంత ధర అని అందరూ అడుగుతారు. ఏ దూరానికి అని మాత్రం దాదాపు ఎవరూ అడగరు.

మనకు పుట్టుకతో వచ్చిన లెన్స్ చిన్నతనంలో దగ్గరికీ దూరానికీ తనంతట తాను సర్దుకునేది. ఆపరేషన్‌లో పెట్టే మామూలు లెన్స్ అలా సర్దుకోదు. దాన్ని ఒక దూరానికి లెక్క కట్టి పెడతారు. ఎక్కువమందికి దూరపుచూపుకే లెక్క కడతారు. అప్పుడు రోడ్డు, బస్సు బోర్డు, టీవీ అద్దాలు లేకుండా కనబడతాయి. చదవడానికి మాత్రం అద్దాలు కావాలి. చాలామందికి ఇదే బాగుంటుంది. కానీ అందరికీ కాదు.

ఒక నేతన్నను తీసుకుందాం. పొద్దున్న మగ్గం ఎక్కితే సాయంత్రం దాకా ఆయన కంటికి పని పోగుల మీదే. తెగిన పోగు వెతకాలి, అతకాలి. కంటి నుంచి పోగుకు టేపు పెట్టి కొలిస్తే అర మీటరు వచ్చిందనుకోండి. ఇక్కడ లెక్క చాలా సులువు. ఒకటిని ఆ మీటర్లతో భాగించండి. ఒకటిని అరతో భాగిస్తే రెండు. అంటే ఆపరేషన్ తరవాత ఆయన కంటికి మైనస్ 2 సైట్ మిగిలేలా లెన్స్ పెడితే, పోగు అద్దాలు లేకుండానే కనబడుతుంది. ఇటు 40 సెంటీమీటర్ల దగ్గర నుంచి అటు 65 సెంటీమీటర్ల దాకా పని నడుస్తుంది. బజారుకో పెళ్లికో వెళ్లినప్పుడు మైనస్ 2 అద్దాలు పెట్టుకుంటే చాలు. అదే దూరానికి లెన్స్ పెట్టారనుకోండి. పెళ్లికి అద్దాలు అక్కర్లేదు, కానీ రోజుకు ఎనిమిది గంటలు మగ్గం మీద చెమటకు జారిపోయే అద్దాలతో కూర్చోవాలి. రెండూ మంచి లెన్సులే, ధర ఒకటే, ఆపరేషన్ ఒకటే. మారింది దూరం ఒక్కటే.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆయన రెండో కంట్లో శుక్లం లేకుండా దూరపుచూపు బాగా ఉంటే, ఒక కన్ను దగ్గరికి, ఒకటి దూరానికి అయిపోతాయి. కొందరికి ఇది హాయిగా ఉంటుంది, కొందరికి తల తిరిగినట్టుంటుంది. అందుకని రెండో కంటి సంగతి కూడా చూసే నిర్ణయం చేయాలి.

చిన్నప్పటి నుంచి మైనస్ సైట్ ఉండి, అద్దాలు తీసేసి పుస్తకం చదివే అలవాటున్న వాళ్లు మరీ జాగ్రత్తగా వినండి. మీకు దూరానికి లెన్స్ పెడితే ఆ అలవాటు పోతుంది. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగినా, "అద్దాలు లేకుండా చదవలేకపోతున్నాను" అని బాధపడేది మీరే. ముందే చెప్పండి.

ఇంతకీ ఆ పవర్ ఎలా తెలుస్తుంది? కంటిగుడ్డు పొడవు, నల్లగుడ్డు వంపు కొలిచి లెక్క కడతారు. పొడవు మామూలుగా ఇరవైమూడున్నర మిల్లీమీటర్లు. కొలతలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే సైట్ రెండున్నర నుంచి మూడు దాకా తప్పుతుంది! కంట్లో మొదటి లెన్స్ పెట్టిన డాక్టరు హెరాల్డ్ రిడ్లీకి కూడా పవర్ దగ్గరే తిప్పలొచ్చింది. యుద్ధ విమానాల పైకప్పు ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని ఓర్చుకుందని గమనించి, 1949లో లండన్‌లో అదే రకం ప్లాస్టిక్‌తో చేసిన లెన్స్ ఒకామె కంట్లో పెట్టాడాయన. కన్ను లెన్స్‌ను ఓర్చుకుంది, కానీ పవర్ తప్పింది. ఆమెకు చాలా పెద్ద మైనస్ సైట్ మిగిలింది.

ఇప్పుడు కాంతితో కొలిచే యంత్రాలున్నాయి. అయితే శుక్లం బాగా తెల్లబడితే కాంతి లోపలికి పోదు. అప్పుడు పెన్నులాంటి పరికరాన్ని నల్లగుడ్డుకు ఆనించి కొలుస్తారు. అది కాస్త నొక్కుకుందా, కన్ను పొట్టిగా కొలతకు వస్తుంది, లెన్స్ పవర్ ఎక్కువ పడుతుంది. శుక్లం ముదరాలి, ముదిరాకే తీయించాలి అనే పాత మాట వదిలేయమనేది ఇందుకే. ముదిరితే కొలత కష్టం, పగలగొట్టడం కష్టం, కంట్లో ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు కొలతకు ముందు మెత్తవైతే కనీసం వారం, గట్టివైతే మూడు వారాలు ఆపాలి. వాటివల్ల నల్లగుడ్డు వంపు మారి ఉంటుంది.

మరి దగ్గరికీ దూరానికీ రెండింటికీ పనికొచ్చే మల్టీఫోకల్ లెన్సులు? ఉన్నాయి. అవి వచ్చిన వెలుతురును పంచుతాయి. పంచితే ఒక్కో దూరానికి వాటా తగ్గుతుంది కదా. మసక వెలుతురులో అక్షరాలు పలచగా కనబడొచ్చు, రాత్రి ఎదురు లైట్ల చుట్టూ వలయాలు కనబడొచ్చు. రాత్రిపూట లారీ నడిపే వాళ్లకు, షుగరు వల్ల రెటీనా, అంటే కంటి వెనక తెర, దెబ్బతిన్న వాళ్లకు, కంటి ప్రెషర్ జబ్బు గ్లాకోమాతో చూపు నరం పాడైన వాళ్లకు ఇవి వద్దనే అంటాను. అప్పు చేసి పెట్టించుకోవలసిన లెన్స్ అయితే అస్సలు కాదు. నల్లగుడ్డు వంపులో తేడా, అంటే సిలిండర్ పవర్, ఎక్కువగా ఉన్నవాళ్లకు టోరిక్ లెన్స్ మాత్రం నిజంగా మేలు చేస్తుంది. అది సరైన కోణంలో కూర్చోవాలి. పది డిగ్రీలు తిరిగితే మూడోవంతు ప్రయోజనం పోతుంది.

మగవాళ్లకు ఒక మాట. ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ మాత్ర వేసుకుంటున్నా, ఎప్పుడో వేసుకుని మానేసినా డాక్టరుకు చెప్పండి. దానివల్ల ఆపరేషన్ మధ్యలో కంటిపాప ముడుచుకుపోతుంది. ముందే తెలిస్తే సిద్ధంగా ఉంటారు. చెప్పడమే ముఖ్యం, మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు.

ఆపరేషన్ తరవాత చుక్కలు వేసేటప్పుడు చేతులు సబ్బుతో కడగండి. కింది రెప్ప లాగి ఒక్క చుక్క చాలు, రెండో చుక్క చెంప మీదికే జారుతుంది. రెండు మందుల మధ్య ఐదు నిమిషాలు ఆగండి. మొదటి వారం రోజుల్లో నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం, ఈ మూడింటిలో ఏది పెరిగినా తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి. కంట్లో చీము పట్టిందంటే గంటలు కూడా విలువైనవే. నెలలకో ఏళ్లకో మళ్లీ మసకగా అనిపిస్తే శుక్లం తిరిగి వచ్చిందనుకోవద్దు. లెన్స్ వెనకున్న సంచి మసకబారి ఉండొచ్చు. అదే అయితే లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు.

డిశ్చార్జి చేసేటప్పుడు లెన్స్ పేరు, పవర్ ఉన్న స్టిక్కర్ అంటించిన కార్డు ఇస్తారు. దాన్ని రేషన్ కార్డు పెట్టుకునే చోటే పెట్టండి. రెండో కంటికి వెళ్లిన రోజు ఆ కార్డు, మొదటి కంటికి ఇప్పుడున్న అద్దాల చీటీ, మీరు టేపు పెట్టి కొలిచిన దూరం రాసుకున్న కాగితం, ఈ మూడూ డాక్టరు ముందు పెట్టండి.