పంచాయతీలో ఏ పుస్తకం అడగాలి?

నమస్కారం. గ్రామ పంచాయతీ రికార్డులను సామాన్య పౌరుడు ఎలా చూడవచ్చో, వాటి నకళ్లు ఎలా తీసుకోవచ్చో ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం జిల్లాను ఉదాహరణగా పెట్టుకుని ఈ వీడియోలో చెబుతాను. సమాచార హక్కు చట్టం మీద వీడియోలు ఇప్పటికే చాలా ఉన్నాయి. అవి ఎక్కువగా ఒక దరఖాస్తు నమూనా చూపించి, స్టాంపు అంటించి పంపమని చెప్పి ముగుస్తాయి. దరఖాస్తు రాయడం కష్టమేమీ కాదు. అందులో ఏ రికార్డు పేరు రాయాలో తెలియకపోవడం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. అందుకే ఈ వీడియోలో ఎక్కువ సేపు ఆ పేర్ల మీదే ఉంటాను.

ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఎండాకాలంలో మా ఊరికి ట్యాంకర్లతో నీళ్లు తోలారు. రోజుకు ఎన్ని ట్రిప్పులు వచ్చాయని అడిగితే ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పేవారు. ఆ సంగతి తేల్చుకుందామని నేను ఒక కార్యాలయానికి దరఖాస్తు పెట్టి, అవకతవకలు ఎందుకు జరిగాయి, బాధ్యులెవరు, ప్రజాధనానికి ఎంత నష్టం వచ్చింది అని మూడు ప్రశ్నలు రాశాను. దాదాపు నెల గడిచాక, కోరిన సమాచారం ఈ కార్యాలయంలో లేదని ఒకే ఒక్క వాక్యంతో జవాబు వచ్చింది. ఆ రోజు నాకు బాగా కోపం వచ్చింది గానీ, తరువాత చట్టం తెరిచి చదివితే నా ప్రశ్నలే సరిగా లేవని అర్థమయింది.

2005 నాటి సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 2(ఎఫ్) సమాచారం అంటే ఏమిటో చెబుతుంది. రికార్డులు, పత్రాలు, ఉత్తర్వులు, ఒప్పందాలు, నివేదికలు, లాగ్‌బుక్కులు, నమూనాలు, కంప్యూటర్‌లో ఉన్న డేటా, ఇవన్నీ అందులో ఉన్నాయి. అంటే అప్పటికే కాగితం మీదో కంప్యూటర్‌లోనో ఉన్నదాన్ని మనకు చూపించే బాధ్యత అధికారిదే తప్ప, మన ప్రశ్నకు కొత్తగా ఆలోచించి సమాధానం తయారు చేసే బాధ్యత ఆయనకు లేదు. సుప్రీంకోర్టు కూడా 2011లో సీబీఎస్ఈ జవాబుపత్రాల కేసులో తీర్పు చెబుతూ ఈ సంగతిని స్పష్టం చేసింది. "ఎందుకు జరిగింది" అనే ప్రశ్నకు ఏ రిజిస్టరులోనూ జవాబు ఉండదు. "ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు ట్యాంకర్ల ట్రిప్పులు నమోదు చేసిన లాగ్‌బుక్ నకలు" అని అడిగితే, అది ఉంటే ఇచ్చి తీరాలి, లేకపోతే లేదని రాసి ఇవ్వాలి. బిల్లులు చెల్లించిన చోట లాగ్‌బుక్ లేదని ఒక అధికారి సంతకం పెట్టి రాసి ఇచ్చారంటే, నా మూడు ప్రశ్నలకూ అంతకంటే మంచి జవాబు మరొకటి ఉండదు.

ఇప్పుడు పంచాయతీలో ఏయే పుస్తకాలు ఉంటాయో చూద్దాం. ఊళ్లో ఒక వీధికి సిమెంటు రోడ్డు వేశారనుకోండి. ఆ పని మొదట కనిపించేది తీర్మానాల పుస్తకంలో. పంచాయతీ సమావేశం ఏ తేదీన జరిగింది, ఎవరెవరు హాజరై సంతకాలు చేశారు, ఏ పనికి ఎంత మొత్తం ఆమోదించారు అన్నది అక్కడే ఉంటుంది. తరువాత ఇంజనీరు వేసిన అంచనా, దానికి ఇచ్చిన సాంకేతిక మంజూరు. పని జరిగాక కొలతలు రాసుకునే పుస్తకాన్ని అందరూ ఎం-బుక్ అంటారు. రోడ్డు పొడవు, వెడల్పు, మందం అందులో అంకెల్లో ఉంటాయి, వాటిని బట్టే బిల్లు తయారవుతుంది. చివరిది డబ్బు చెల్లింపు. అది నగదు పుస్తకంలోకి, ప్రతి చెల్లింపుకూ రుజువుగా ఉంచే ఓచర్లలోకి ఎక్కుతుంది.

వీటిలో నాకు అన్నిటికంటే విలువైనది ఎం-బుక్ అనిపిస్తుంది. మిగతా కాగితాలను అర్థం చేసుకోవడానికి కొంత అనుభవం కావాలి గానీ, ఎం-బుక్ నకలు చేతిలో ఉంటే యాభై రూపాయల టేపు పట్టుకుని వీధిలోకి వెళ్లి ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు. అయితే ఒక విషయం గుర్తుంచుకోండి. ఎం-బుక్ సాధారణంగా పంచాయతీ కార్యాలయంలో ఉండదు, పనిని పర్యవేక్షించిన ఇంజనీరింగ్ విభాగం దగ్గర ఉంటుంది. రోడ్డయితే పంచాయతీరాజ్ ఇంజనీర్లు, నీటి పథకమైతే గ్రామీణ నీటి సరఫరా విభాగం వారు దాన్ని చూసుకుంటారు. మా ఊరి ట్యాంకర్ల లెక్క కూడా చివరికి పంచాయతీలో కాదు, ఆ విభాగంలోనే దొరికింది.

దరఖాస్తు పెట్టకముందే ఇంట్లో కూర్చుని చూసుకోగలిగినవి కూడా ఉన్నాయి. 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ వరుసగా ఎంచుకుని, ఆర్థిక సంవత్సరం పేర్కొంటే, ఆ ఏడాది పంచాయతీ ఆమోదించిన పనుల ప్రణాళిక, ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం ఇచ్చే నిధుల జమాఖర్చులు కనిపిస్తాయి. పంచాయతీ ఖర్చులన్నీ అక్కడే ఉన్నాయని మాత్రం అనుకోవద్దు. ఇంటి పన్నుల ద్వారా వచ్చే సాధారణ నిధి సంగతి తెలియాలంటే పంచాయతీ రికార్డులనే అడగాలి. ఈ పోర్టల్ వల్ల నాకు కలిగిన అసలు ప్రయోజనం ఏమిటంటే, పని పేరు, చెల్లించిన తేదీ, మొత్తం అక్కడ నోట్ చేసుకుంటే దరఖాస్తులో వాటినే రాయవచ్చు. అలా రాసిన దరఖాస్తు చూసి, ఏ రికార్డు అడుగుతున్నారో స్పష్టంగా లేదని ఎవరూ తిప్పి పంపలేరు.

ఆడిట్ నివేదిక గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే దాన్ని అడగవచ్చని చాలామందికి తెలియదు. పంచాయతీ లెక్కలను రాష్ట్ర ఆడిట్ శాఖ తనిఖీ చేస్తుంది. ఇప్పటికీ పాతవారు ఆ శాఖను లోకల్ ఫండ్ ఆడిట్ అనే పిలుస్తారు. ఓచరు లేని ఖర్చు, రసీదు లేని వసూలు, తీర్మానం లేని పని, ఇలాంటివన్నీ అభ్యంతరాలుగా రాసి ఒక నివేదిక ఇస్తారు. వార్షిక లెక్కలను, ఆడిట్ నివేదికను గ్రామసభ ముందు పెట్టాలని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టమే చెబుతోంది. మీరు మొత్తం నగదు పుస్తకం అడిగి వందల పేజీలు తిరగేసే బదులు, ముందుగా గత మూడేళ్ల ఆడిట్ నివేదికలను, వాటి అభ్యంతరాలకు పంచాయతీ పంపిన సమాధానాలను అడగండి. చూడవలసిన పేజీ ఏదో ఆ నివేదికే మీకు చూపిస్తుంది.

ఈ పని మన జిల్లాకు కొత్తది కాదు. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలయింది నార్పల మండలం బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. కూలీల హాజరు రాసే మస్టర్లు గ్రామసభలో చదివి వినిపించి, పేరున్న మనిషి నిజంగా పనికి వచ్చాడో లేదో ఊరి ముందే అడిగే సామాజిక తనిఖీలను ఇక్కడి కూలీలు చూశారు. అందుకే మా వైపు అక్షరం రాని పెద్దవాళ్లకు కూడా మస్టరు అంటే ఏమిటో తెలుసు, ఎం-బుక్ అనే మాట మాత్రం చదువుకున్నవాళ్లకే తెలియదు.

ఇక దరఖాస్తు. తెల్ల కాగితం చాలు. "సమాచార హక్కు చట్టం, 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు" అని పైన రాయండి. గ్రామ పంచాయతీ విషయమైతే, పౌర సమాచార అధికారి, గ్రామ పంచాయతీ కార్యాలయం అని సంబోధించండి. విషయం ఇలా రాయవచ్చు:

"అయ్యా, మా గ్రామ పంచాయతీకి సంబంధించి 2023 ఏప్రిల్ 1 నుంచి 2024 మార్చి 31 వరకు ఉన్న ఈ క్రింది రికార్డుల ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు. ఒకటి, ఫలానా వీధి సిమెంటు రోడ్డు పనిని ఆమోదించిన తీర్మానం. రెండు, ఆ పని అంచనా, ఎం-బుక్‌లో దానికి సంబంధించిన పేజీలు. మూడు, ఆ పనికి చెల్లింపు చేసిన ఓచర్లు. వీటిలో ఏ రికార్డయినా మరొక కార్యాలయంలో ఉన్నట్లయితే, సెక్షన్ 6(3) ప్రకారం నా దరఖాస్తులోని ఆ భాగాన్ని ఆ కార్యాలయానికి బదిలీ చేసి, నాకు తెలియజేయగలరు."

ఆ చివరి వాక్యాన్ని వదిలిపెట్టవద్దు. ఆ సెక్షన్ ప్రకారం ఐదు రోజుల్లోపు బదిలీ చేయాలి. జిల్లాల విభజన తరువాత దీని అవసరం మరింత పెరిగింది. 2022 ఏప్రిల్ 4న ధర్మవరం, కదిరి, హిందూపురం, పెనుకొండ ప్రాంతాలు పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. అటు కర్నూలు నుంచి నంద్యాల విడిపోయింది. ఆ తేదీకి ముందు నాటి జిల్లా స్థాయి ఫైలు పాత కలెక్టరేట్‌లో ఉందో కొత్తదానిలో ఉందో వెతుక్కుంటూ రెండు ఊళ్లూ తిరిగే పని మీది కాదు.

ఎందుకు అడుగుతున్నారో కారణం రాయవద్దు. కారణం అడగకూడదని సెక్షన్ 6(2) చెబుతోంది. ఆరోపణలు అసలే రాయవద్దు. రాయడం రానివారు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి అధికారి సాయం చేయాలి. ఫీజు విషయానికి వస్తే, మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. అంటే గ్రామ పంచాయతీలో పెట్టే దరఖాస్తుకు పది రూపాయల స్టాంపు అంటించడం అవసరం లేని ఖర్చు. నకలుకు పేజీకి 2 రూపాయలు తీసుకుంటారు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఈ ఫీజులు వర్తించవు గనుక, వారు దానికి రుజువుగా రేషన్ కార్డు నకలు జతపరచాలి. దరఖాస్తును స్వయంగా ఇస్తే రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. పోస్టులో పంపితే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోండి.

ఆ తేదీ నుంచి 30 రోజుల్లోపు జవాబు ఇవ్వాలి. నకళ్లకు ఇంత చెల్లించండి అని ఉత్తరం వస్తే, మీరు చెల్లించేవరకు ఉన్న రోజులు లెక్కలోకి రావు, కాబట్టి ఆలస్యం చేయకండి. 30 రోజులు దాటినా జవాబు రాకపోతే నిరాకరించినట్టే లెక్క, ఆ తరువాత ఇచ్చే సమాచారం ఉచితంగా ఇవ్వాలి. అప్పటి నుంచి 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవాలి. ఆయన పేరు, హోదా కార్యాలయం బోర్డు మీద ఉండాలి. అప్పీలులో కొత్త విషయాలు అడగకుండా, పాత దరఖాస్తు నకలు జతచేసి, ఏ తేదీన ఇచ్చారో, ఏది రాలేదో మాత్రం రాయండి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. సరైన కారణం లేకుండా ఆపిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండా కమిషన్ జరిమానా వేయవచ్చు. ఈ జరిమానా సెక్షన్‌ను మొదటి దరఖాస్తులోనే ఉటంకించి బెదిరించేవారిని చూశాను. దానివల్ల కింది అధికారి జాగ్రత్తపడి ప్రతి మాటకూ పై అధికారిని అడగడం మొదలుపెడతాడు తప్ప, కాగితం త్వరగా రాదు.

పేజీలు ఎక్కువగా ఉన్నప్పుడు నకళ్లకు బదులు పరిశీలన అడగమని నా సలహా. రికార్డులను స్వయంగా చూసి, నోట్స్ రాసుకునే హక్కు సెక్షన్ 2(జె)లో ఉంది. మొదటి గంటకు ఫీజు లేదు. వారు చెప్పిన రోజున పెన్సిలు, తెల్ల కాగితాలు, ఊళ్లో లెక్కలు తెలిసిన మనిషి ఎవరైనా ఉంటే ఆయననూ వెంట తీసుకువెళ్లండి. పుస్తకం మీద గీతలు పెట్టకండి. తీర్మానాల పుస్తకంలో ఖాళీగా వదిలిన పంక్తులు, తరువాత ఇరికించి రాసినట్టు కనిపించే అంశాలు, ఒకే చేతిరాతలో ఉన్న వేర్వేరు సంతకాలు ఉంటే ఆ పేజీ సంఖ్యలు రాసుకోండి. నగదు పుస్తకంలో మీకు కావలసిన ఓచరు సంఖ్య చూసుకుని, ఆ ఓచరు తీయించి, తేదీలు సరిపోయాయో లేదో చూడండి. గంట అయ్యేసరికి మీ కాగితం మీద పది పన్నెండు పేజీ సంఖ్యలు మిగులుతాయి. బయటికి వచ్చే ముందు అక్కడే కూర్చుని, ఆ పేజీల ధ్రువీకరించిన నకళ్లు మాత్రమే కావాలని రాసి ఇచ్చి, పేజీకి 2 రూపాయల చొప్పున కట్టి రసీదు తీసుకోండి.