అద్దాన్ని కదిపింది ఎవరు?

అందరికీ నమస్కారం. ముందు మన ఇళ్ళలో జరిగేదే చెప్తాను. బోరు మోటారు వేస్తే వంటింట్లో స్టాండు మీద స్టీలు గ్లాసులు గలగలలాడతాయి కదా. చప్పుడు వంటింట్లో, మోటారేమో పెరట్లో, ఆ అదురును అక్కడిదాకా మోసుకొచ్చేది గోడలోంచి వెళ్ళే పైపు. దాన్ని ఆపాలంటే మోటారు కింద రబ్బరు పెట్టొచ్చు, పైపు గోడకు తగలకుండా సర్దొచ్చు, ఏదీ కాకపోతే గ్లాసుల కింద గుడ్డ పరచొచ్చు. అదిరేది ఒకటి, దారి ఒకటి, చివరికి తగిలే చోటు ఇంకొకటి. ఆకాశంలో భారీ వస్తువులు ఢీకొన్నప్పుడు స్థలంలోనే పుట్టే అలలు గురుత్వ తరంగాలు. వాటిని పట్టే డిటెక్టర్లలో నాయిస్, అంటే అసలు సంకేతాన్ని కప్పేసే అలజడి, వెతికేవాళ్ళు రోజూ చేసే పని ఈ మూడింటినీ విడదీయడమే.

అమెరికాలో లైగో అనే పేరుతో ఇలాంటి డిటెక్టర్లు రెండున్నాయి, ఒకటి వాషింగ్టన్ రాష్ట్రంలో హాన్‌ఫర్డ్ దగ్గర, ఇంకొకటి లూసియానాలో లివింగ్‌స్టన్ దగ్గర. ఒక్కోదానికి 4 కిలోమీటర్ల పొడవున రెండు చేతులు, అంటే లేజర్ కిరణం వెళ్ళివచ్చే గొట్టాలు, చివర్లలో ఆ కిరణాన్ని తిప్పి పంపే 40 కిలోల అద్దాలు. 2015 సెప్టెంబర్ 14న మొదటి తరంగం వచ్చినప్పుడు ఆ 4 కిలోమీటర్లలో వచ్చిన తేడా ప్రోటాన్ వెడల్పులో కొన్ని వందల వంతుల్లో ఒక వంతు. నేల మాత్రం ఏ రోజైనా, ఏమీ జరగకపోయినా, అంతకంటే కోట్ల రెట్లు ఎక్కువగా కదులుతూనే ఉంటుంది. అందుకే ఆ అద్దాలను సన్నటి గాజు పోగులతో, ఒకదాని కింద ఒకటిగా నాలుగు అంచెల లోలకానికి వేలాడదీశారు. పైనున్న వేదిక కూడా నేల కదలికను కొలుస్తూ దానికి ఎదురు కదులుతుంది.

మరి ఇంత చేశాక కూడా కంపనం లోపలికి ఎలా వస్తుంది?

హాన్‌ఫర్డ్‌లో 2017 వేసవిలో జరిగింది చెప్తాను. డేటాలో ఉన్నట్టుండి చిన్న చిన్న గ్లిచ్‌లు, అంటే క్షణంపాటు వచ్చిపోయే నాయిస్ మెరుపులు, కనిపించడం మొదలైంది. అదే సమయంలో ఒక చేతి చివర ఉన్న మైక్రోఫోన్‌లో టకటకమని కొడుతున్న చప్పుడు. వెళ్ళి చూస్తే, ద్రవ నైట్రోజన్‌తో పనిచేసే పంపుకు సంబంధించిన పైపు మీద మంచు పేరుకుని ఉంది, ఆ మంచు మీద పక్షి ముక్కు గాట్లు ఉన్నాయి. అది ఎడారి ప్రాంతం, ఎండలు మండుతున్నాయి, దాహానికి బొంతకాకులు వచ్చి ఆ మంచు పొడుచుకు తింటున్నాయి. నాకు ఈ కథలో బాగా నచ్చేది కాకులు కాదు, ఆ తర్వాత చేసిన పని. కాకిలాగే తామే ఆ మంచును కొట్టి, డేటాలో అదే ఆనవాలు వస్తుందో లేదో చూశారు. వచ్చింది. అప్పుడే అది రుజువైనట్టు.

ఈ పనిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. అనుమానించడం తేలిక. డిటెక్టర్ చుట్టూ భూకంప మాపకాలు, అదురును కొలిచే యాక్సెలరోమీటర్లు, మైక్రోఫోన్లు, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేవి చాలా ఉంటాయి, వాటిలో ఏదో ఒకటి గ్లిచ్‌తో పాటు కదిలినట్టు కనిపిస్తూనే ఉంటుంది. రెండూ ఒకేసారి కదిలాయని ఒకటి ఇంకొకదానికి కారణం కాదు. అందుకే స్పీకర్లు పెట్టి చప్పుడు చేస్తారు, షేకర్ పెట్టి గొట్టాన్ని అదిరిస్తారు, ఫ్యాన్లు ఒక్కొక్కటీ ఆపి చూస్తారు. ఎంత అదిరిస్తే డేటాలో ఎంత కనిపించిందో లెక్క తేలాక, మామూలు రోజున ఆ చోటు నుంచి ఎంత నాయిస్ వస్తుందో చెప్పగలుగుతారు.

ఇంకొకటుంది, నేను మొదటిసారి లెక్క వేసి చూసినప్పుడు చాలాసేపు నమ్మలేకపోయాను. సముద్రపు అలల వల్ల నేల కొన్ని సెకన్లకోసారి మెల్లగా ఊగుతుంది, అంటే 0.1 నుంచి 0.3 హెర్ట్జ్ (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే లెక్క). లైగో చూసేది దాదాపు 10 హెర్ట్జ్ నుంచి పైకి. మరి అంత నెమ్మది ఊగు మనకెందుకు? అద్దం మీది నుంచి కొద్దిగా వెలుతురు పక్కకు చెదిరి, దగ్గర్లో ఊగుతున్న ఏదో ఒక వస్తువుకు తగిలి, తిరిగి అసలు కిరణంలో కలుస్తుంది. లేజర్ తరంగదైర్ఘ్యం సుమారు 1 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ వస్తువు సెకనుకు 10 మైక్రాన్ల వేగంతో కదిలితే, వెలుతురు వెళ్ళి రావడంలో దూరం రెండింతలు మారుతుంది కాబట్టి, సెకనుకు దాదాపు 20 సార్లు వెలుగు చీకట్లు మారతాయి. 0.15 హెర్ట్జ్ ఊగు 20 హెర్ట్జ్ నాయిస్ అయిపోయింది! ఏ క్షణంలో ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత నాయిస్ ఉందో చూపే బొమ్మను స్పెక్ట్రోగ్రామ్ అంటారు, అందులో ఇవి కమానుల్లాగా, ఒకదానిపై ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. వస్తువు అద్దాన్ని తాకను కూడా తాకలేదు, వెలుతురే దారి అయింది. ఒక రకం కమానులకు కారణం, అద్దం వెనక దాన్ని అదుపు చేయడానికి వేలాడదీసిన ఇంకో లోలకం వేరుగా ఊగడమేనని తేలింది. 2020 జనవరిలో ఆ రెండూ కలిసి కదిలేలా చేశాక అవి బాగా తగ్గాయి. సముద్రాన్ని ఆపలేం కదా, తగిలే చోటును సరిచేశారు.

గ్లిచ్ ఎంత నష్టం చేయగలదో 2017 ఆగస్టు 17న తెలిసింది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు (చిన్నవైనా విపరీతమైన బరువున్న నక్షత్రాలు) కలిసిపోయిన తరంగం వచ్చింది, సరిగ్గా కలవడానికి 1.1 సెకన్ల ముందు లివింగ్‌స్టన్‌లో పెద్ద గ్లిచ్ పడింది. అది కంపనం వల్ల వచ్చిందని నేననడం లేదు. కానీ ఆ డేటాను శుభ్రం చేసేదాకా ఆకాశంలో ఎక్కడ చూడాలో టెలిస్కోపులకు సరిగ్గా చెప్పలేకపోయారు. కొన్ని గంటలు పోయాయి. ఆ టెన్షన్ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మన దేశంలో లైగో-ఇండియా మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢా నాగనాథ్ దగ్గర రాబోతోంది, కేంద్ర క్యాబినెట్ 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్లకు ఆమోదం ఇచ్చింది. నేల తక్కువగా కదిలే చోటు కోసం వెతికి ఎంచుకున్న స్థలం అది, నిజామాబాద్ వైపు నుంచి చూస్తే మరీ దూరమూ కాదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, దాని వల్ల వచ్చే నాయిస్ వాళ్ళ డేటాలో అక్కడ ఒక గీతలా ఉంటుంది. మనకు 50 దగ్గర, ఆపైన 100, 150 దగ్గర చూసుకోవాలి. అక్కడి గాలి, అక్కడి రోడ్డు, అక్కడి పక్షులు ఏం చేస్తాయో మొదటి నుంచి మనమే నేర్చుకోవాలి, ఆ పని చేయబోయేది మీ వయసువాళ్ళే.

లైగో డేటా అందరికీ ఉచితంగా దొరుకుతుంది. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్ళు ముందు వరసలోకి రండి, ఆగస్టు 17 నాటి లివింగ్‌స్టన్ స్పెక్ట్రోగ్రామ్ తెరిచి ఆ గ్లిచ్ ఎక్కడుందో వెతుకుదాం.